అప్‌డేట్: తాతగారి ఇత్తడి బీగానికి అసలు చెవి దొరికింది

చిత్తూరులో మా తాతగారింటి దిండిగల్ (తమిళనాడు ఊరు) బీగాన్ని చెవి లేకుండా, పగలగొట్టకుండా తెరిచేదెట్లా అని పోయిన నెల అడిగాను కదా. డూప్లికేట్ చెవి చేయించే టెన్షన్ తప్పింది. అసలు చెవి అవ్వ ఒక్కాకు పెట్టెలో, సున్నం డబ్బీ కింద ఉంది!

కానీ తిప్పితే సగంలో ఆగిపోయింది. తిరుపతిలో ఒకాయన కొబ్బరినూనె పోయమన్నాడు. పోయలేదు, బతికిపోయాను. అసలు రోగమే ఎప్పుడో పోసిన నూనె. అది దుమ్ముతో కలిసి లోపల జిగురైపోయింది. ఇలాంటి బీగంలో చెవి పళ్లు లీవర్లను (లోపలుండే చిన్న లోహపు పలకలను) ఒక్కోదాన్ని సరిగ్గా దాని ఎత్తుకు లేపాలి. ఒక్కటి అతుక్కున్నా గడియ కదలదు.

చెవి రంధ్రంలో కిరోసిన్ పోసి రాత్రంతా ఉంచితే నల్లటి మడ్డి కారింది. బాగా ఆరాక, మీలో ఒకరు చెప్పినట్టే పెన్సిల్ ముల్లు అరగదీసి ఆ పొడి చల్లాను. నాలుగోసారికి టక్కుమంది!

ఇత్తడికి పాలిష్ పెట్టలేదు, ఆ నలుపే అందం. చెవిని దారంతో బీగానికే కట్టేశాను. అమ్మేమో మళ్లీ తలుపుకే వేయమంటోంది. ఇంకా తేల్చలేదు.