కార్తీకంలో పూరీ: మోకాళ్ల నొప్పులున్న అమ్మతో రెండు రోజులు

ప్రశ్న (శ్రీకాకుళం నుంచి)
నమస్కారమండి. కార్తీకమాసంలో అమ్మని పూరీ తీసుకెళ్దామనుకుంటున్నాం. వయసు 72, మెట్లు కష్టం. ఆమదాలవలసలో రైలెక్కాలి. రెండు రోజులే సెలవు. ఎప్పుడు వెళ్తే మంచిది? మహాప్రసాదం ఎలా? కోణార్క్ కూడా కుదురుతుందా?

జవాబు (పలాస నుంచి)
ముందు తేదీ తేల్చుకోండి, అసలు సంగతి అక్కడే ఉంది. ఒడియా వాళ్ల నెల పున్నమితో ముగుస్తుంది, మనది అమావాస్యతో. వాళ్ల కార్తీకం మన ఆశ్వయుజ పున్నమి మర్నాడే మొదలై కార్తీక పున్నమికి అయిపోతుంది. ఏకాదశి నుంచి పున్నమి దాకా ఐదు రోజుల్ని 'పంచుక' అంటారు. ఆ రోజుల్లో మాత్రం అమ్మగారిని క్యూలో నిలబెట్టకండి. పున్నమి వెళ్లిన రెండు మూడు రోజులకి బయల్దేరితే మనకింకా కార్తీకమే, అక్కడ జనం పలచబడతారు. శని, ఆదివారాలు వద్దు. బుధవారమూ వద్దు: స్వామి ముఖానికి రంగులు దిద్దే బనకలాగి సేవ తరచూ ఆ రోజే పడుతుంది, కొన్ని గంటలు దర్శనం ఆపేస్తారు.

తిరుపతి–పూరీ ఎక్స్‌ప్రెస్ నేరుగా వెళ్తుంది. అందులో బెర్తు దొరక్కపోతే భువనేశ్వర్ బండెక్కి ఖుర్దా రోడ్‌లో దిగండి, అక్కణ్ణుంచి పూరీ 44 కిలోమీటర్లే.

జవాబు (ఇచ్ఛాపురం నుంచి)
సింహద్వారం దాటగానే 22 మెట్లు, 'బైసి పహాచ' అంటారు. తడిగా ఉంటే కాలు జారుతుంది. అమ్మగారికి చెరోపక్క ఒకరు ఉండాలి, వెనకనుంచి తోసుకొచ్చే జనాన్ని కాచుకోవడానికి ఇంకొకరు. ఫోన్లు, తోలు బెల్టులు, పర్సులు గదిలోనే వదిలేయండి, లోపలికి రానివ్వరు. 2024 జనవరి 1 నుంచి నిక్కర్లు, చిరుగుల జీన్సులు, చేతుల్లేని జాకెట్లు కూడా కుదరవు. పండాని (దర్శనం చేయించే గుడి పూజారిని) పెట్టుకుంటే మొత్తం ఎంతో బయటే తేల్చుకోండి. లోపల ఒక్కో చోట పళ్లెంలో వెయ్యమంటారు, ఇష్టమైతేనే వెయ్యండి.

మహాప్రసాదం బయటి ప్రాకారంలో ఈశాన్య మూల ఆనందబజారులో అమ్ముతారు. మధ్యాహ్నం భోగం (నైవేద్యం) అయ్యాకే అన్నం, పప్పు, కూరలు కుండలతో వస్తాయి. కాబట్టి పొద్దున్నే దర్శనం చేసుకుని ఆకలితో ఎదురుచూడకండి, అమ్మగారికి ఏదైనా తినిపించండి. ధర అడిగాకే కుండ అందుకోండి. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, టమాటా, మిరపకాయ ఏవీ వెయ్యరు, పెద్దవాళ్లకి పడుతుంది. వండిన అన్నం రైల్లో తేవద్దు, పాడైపోతుంది. ఇంటికైతే నిర్మాల్యం (అక్కడ ఎండబెట్టిన ప్రసాదం అన్నాన్ని అలా అంటారు), కాజాలు తెచ్చుకోండి.

జవాబు (గార నుంచి)
కోణార్క్ 35 కిలోమీటర్లు. రెండో రోజు పొద్దున్నే కారులో వెళ్లిరండి. అక్కడ పూజ ఉండదు, శిల్పం చూడాలి, ఎండెక్కితే రాళ్లు కాలతాయి.

సముద్రస్నానం సంగతి ఎవరూ చెప్పలేదు. కళింగపట్నం కెరటాలు తెలుసు కదా అని ధైర్యం చెయ్యకండి, పూరీలో వెనక్కి లాగే ప్రవాహం బలమైనది. కోసుగా ఉండే టోపీ పెట్టుకుని తిరిగే నులియాల్లో (స్నానానికి తోడుండే ఈతగాళ్లలో) ఒకరిని చెయ్యి పట్టుకోమనండి. వాళ్లలో చాలామంది పూరీలోనే ఉన్న పెంటకోట మత్స్యకారులు, తెలుగులోనే మాట్లాడొచ్చు. అమ్మగారికి చెంబుతో నీళ్లు పోస్తే చాలు.

ప్రశ్న అడిగినవారు
పున్నమి వెళ్లాక గురువారం ఉదయం దిగేలా టికెట్లు చూస్తున్నామండి. ఆటో గుడి దాకా వెళ్తుందా?

జవాబు (ఇచ్ఛాపురం నుంచి)
వెళ్లదండి. రథాలు లాగే వీధి బడదండలోనే ఆపేస్తారు, మిగతాది నడకే. గది ఆ వీధికి దగ్గర్లోనే తీసుకోండి. సముద్రం ఒడ్డు గది అందంగా ఉంటుంది కానీ అమ్మగారికి అలసట.