వ్యాపారం తెలిసినోడు వస్తే రాష్ట్రం బాగుపడుతుందా? మిషిగన్‌లో చూశాం కదా

నోవి మామ:
మొన్న ఆదివారం డెట్రాయిట్ పక్కనున్న నోవి గుళ్లో పులిహోర పొట్లం పట్టుకుని కూర్చుంటే పక్కనే వాదన. నవంబరులో గవర్నర్ ఎన్నిక కదా. "ఈ రాజకీయ నాయకులతో విసిగిపోయాం, కంపెనీ నడిపినోడు రావాలి. జమాఖర్చు తెలిసినోడైతే ఆర్నెల్లలో దారిలో పెడతాడు" అంటాడొకాయన. "అలా ఒకడొచ్చాడు, మర్చిపోయావా" అన్నాడు ఇంకొకాయన. ఇద్దరూ చెప్పులేసుకుని వెళ్లిపోయారు, వాదన మాత్రం నా బుర్రలో ఉండిపోయింది.

కొత్తగా వచ్చిన పిల్లల కోసం కథ క్లుప్తంగా చెబుతా. 2000 నుంచి 2010 లోపు మిషిగన్‌లో దాదాపు 8 లక్షల ఉద్యోగాలు పోయాయి. 2009లో ఏప్రిల్ 30న క్రైస్లర్, జూన్ 1న జీఎం (జనరల్ మోటార్స్), ఈ రెండు పెద్ద కార్ల కంపెనీలూ దివాలా కోర్టుకెక్కాయి. నిరుద్యోగం 14 శాతం దాటింది. 2010 జనాభా లెక్కల్లో 50 రాష్ట్రాలకీ కలిపి జనం తగ్గింది మన మిషిగన్‌లో ఒక్కచోటే. అలాంటప్పుడు గవర్నర్ పోటీలోకి దిగాడు రిక్ స్నైడర్. అకౌంటెంట్, లా కూడా చదివాడు, గేట్‌వే కంప్యూటర్ల కంపెనీకి ప్రెసిడెంటుగా చేశాడు, ఆ తర్వాత యాన్ ఆర్బర్‌లో కొత్త కంపెనీలకు పెట్టుబడి పెట్టే వ్యాపారం. అంతకుముందు ఏ పదవికీ గెలిచింది లేదు. 2010 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ అని అమెరికా అంతా చూసే ఫుట్‌బాల్ ఫైనల్ ఆట మధ్యలో ప్రకటన వేయించుకున్నాడు, నేను పుస్తకాల పురుగునే, కానీ మొండిఘటాన్ని అన్నట్టు. జనానికి నచ్చింది. 2011 జనవరి నుంచి ఎనిమిదేళ్లు చేశాడు. మొదటి ఏడాది జీతం ఒక్క డాలరు.

అప్పుడు నేను హెచ్1 మీద ఉన్నా, ఓటు లేదు. ఉంటే ఆయనకే గుద్దేవాణ్ని. కారు సీట్లు చేసే సప్లయర్ దగ్గర పని. 2009 మార్చిలో ఒక శుక్రవారం పొద్దున మా వరసలో 11 కుర్చీలుంటే, సాయంత్రానికి నలుగురం మిగిలాం. ఖాళీ అయిన బల్లల మీద కాఫీ కప్పులు సోమవారం దాకా అలాగే ఉన్నాయి, తీసే మనిషిని కూడా తీసేశారు మరి. అది చూసినవాడికి "ముందు వ్యాపారాలకి ఊపిరి ఆడనివ్వండి" అన్న మాట ఎంత తియ్యగా ఉంటుందో చెప్పలేను. ఆయన చెప్పింది సరైనదే అని ఇప్పటికీ నా మాట. కాదనేవాళ్లు రండి.

ట్రాయ్ అక్క:
మామా, నేను నీ వైపే. నాకు సిద్ధాంతాలు తెలియవు, మా సరుకుల కొట్టు లెక్క తెలుసు.

2008 నుంచి మిషిగన్ బిజినెస్ ట్యాక్స్ అని ఒకటుండేది. లాభం మీద 4.95 శాతం. అది చాలదన్నట్టు, అమ్మకాల్లోంచి సరుకు కొన్న ఖర్చు తీసేస్తే మిగిలేదాని మీద 0.8 శాతం. నష్టమొచ్చినా ఈ రెండోది కట్టాల్సిందే. రెండూ కలిపి తేలిన పన్ను మీద మళ్లీ 21.99 శాతం సర్‌చార్జి. పన్నుకి పన్ను! ఆ ఫారం నింపినందుకు అకౌంటెంట్ తీసుకున్న ఫీజు చూసి మా ఆయన "ఏడాదంతా కందిపప్పు అమ్మింది ఈయన కోసమా" అన్నాడు.

స్నైడర్ వచ్చి 2012 నుంచి దాన్ని ఎత్తేశాడు. కార్పొరేషన్లకి లాభం మీద 6 శాతం, అంతే. మాలాంటి చిన్న ఎల్‌ఎల్‌సీలకి (సొంతదార్ల కంపెనీలకి) సొంత ఆదాయప్పన్నుతో సరి. ఇంకోటి, 2007లోనూ 2009లోనూ బడ్జెట్ తెమలక అక్టోబరు 1న రాష్ట్ర ప్రభుత్వం కొన్ని గంటలు మూతపడింది, గుర్తుందా? ఈయనొచ్చాక ఏటా జూన్‌కల్లా బడ్జెట్ అయిపోయేది. ఆ మాత్రం క్రమశిక్షణ వ్యాపారం చేసినోడికే ఉంటుంది.

లెక్కల మాస్టారు:
అక్కా, ఆ పన్ను చెత్త పన్నే. దాన్ని తీసేయడం తప్పని ఎవరూ అనరు. తీసేసిన సొమ్ము ఎక్కణ్ణుంచి పూడ్చారన్నదే అసలు సంగతి.

వ్యాపారాలకి తగ్గింది ఏడాదికి 150 కోట్ల డాలర్లకు పైనే. ఆ గుంట పూడ్చడానికి 1946 నుంచి ఇటు పుట్టినవాళ్ల పింఛను మీద పన్ను వేశారు. తక్కువ జీతంతో బతికే కుటుంబాలకి కేంద్రం ఇచ్చే పన్ను రాయితీకి రాష్ట్రం అదనంగా 20 శాతం కలిపేది, దాన్ని 6 శాతానికి కోశారు. యూనివర్సిటీలకిచ్చేదాంట్లో 15 శాతం కోత. బడి నిధులూ కోశారు. మా పక్కింటాయన ముప్పై ఏళ్లు లైను మీద పనిచేసి రిటైరైనవాడు, 1947లో పుట్టాడు. "రెండేళ్లు ముందు పుట్టమని మా అమ్మకి ఎవరూ చెప్పలేదు" అనేవాడు. 2023లో వచ్చిన చట్టంతో ఆ పింఛను పన్నుని విడతలుగా తీసేశారు, రాయితీని 30 శాతానికి పెంచారు.

ఇక ఉద్యోగాలు ఈయన తెచ్చాడన్న మాట. అమెరికాలో 2009లో అమ్ముడైన కార్లూ ట్రక్కులూ 1.04 కోట్లు. 2015కల్లా 1.7 కోట్లు దాటాయి. డెట్రాయిట్‌కి వాన అంటే అదే. ఆ కంపెనీలు బతకడానికి కేంద్రం డబ్బు ఇవ్వడం 2008 డిసెంబరులో బుష్ మొదలుపెట్టాడు, ఒబామా పూర్తిచేశాడు. స్నైడర్ కుర్చీ ఎక్కేనాటికే నిరుద్యోగం 11 శాతం దగ్గరికి దిగింది. వాన పడ్డాక వచ్చి విత్తనం నాదే అంటే ఎలా?

నోవి మామ:
మాస్టారూ, వాన అందరి మీదా పడింది. చేను దున్ని పెట్టుకున్నవాడికే పండుతుంది. ఆయన వచ్చినప్పుడు రాష్ట్రం కష్టకాలానికి దాచిన నిధిలో ఉన్నది 20 లక్షల డాలర్లు. ఒక కోటి జనం ఉన్న రాష్ట్రానికి అది టీ ఖర్చు. దిగిపోయేనాటికి దాదాపు 100 కోట్లు.

నేపర్‌విల్ నుంచి:
పక్క రాష్ట్రం వాడిగా ఒక ముక్క. మా ఇల్లినాయిలో కూడా ఒక పెట్టుబడుల వ్యాపారి గవర్నర్ అయ్యాడు, బ్రూస్ రౌనర్, 2015లో. చట్టసభతో పంతం పట్టుకుని రెండేళ్లకు పైగా పూర్తి బడ్జెట్టే లేదు. రాష్ట్రం చెల్లించాల్సిన బిల్లులు 1,600 కోట్ల డాలర్లు దాటాయి. కంపెనీలో బోర్డు కుదరకపోతే అమ్మేసి వెళ్లిపోవచ్చు. మీకు దొరికినాయన నయం, పని జరిపించుకోవడం తెలుసు.

బెజవాడ బుల్లోడు:
మేం ఈ సినిమా ముందే చూసేశాం బాబాయిలూ. 1995 నుంచి 2004 దాకా మన ముఖ్యమంత్రిని సీఈఓ అనేవారు. విజన్ 2020, హైటెక్ సిటీ. మీలో సగం మంది మిషిగన్ రావడానికి కారణం కూడా అదే, కాదనను. కానీ కరెంటు చార్జీల గొడవలో 2000 ఆగస్టులో బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి, 2004లో ఓడిపోయాడు, తర్వాత వచ్చినాయన తొలి సంతకం రైతులకి ఉచిత కరెంటు మీద. తప్పెవరిదో నేను చెప్పను, మా ఇంట్లోనే రెండు పార్టీలు.

గోదావరిఖని:
గిదంతా చదివినంక నాకొకటి అనిపిస్తున్నది. మా నాయిన సింగరేణిల చేసిండు. ఒకప్పుడు కంపెనీల లక్షకు పైన మనుషులుండె. ఇప్పుడు నలభై వేల దగ్గర. ఓపెన్‌కాస్టులు వచ్చినై, గోల్డెన్ షేక్ హ్యాండ్ అని పైసలిచ్చి ముందుగాల్నే ఇంటికి పంపిన్రు, కంపెనీ లాభాలల్లకు వచ్చింది. కంపెనీ లెక్కల జూస్తే శాబాష్ అనాలె. గని తక్కువైతే మనిషిని తీసేస్తరు, తీసేసినంక ఆ మనిషి కంపెనీ లెక్కల ఉండడు. కానీ ఊరి లెక్కల ఉంటడు గద? నీళ్లు గావాలె, దవాఖాన గావాలె, పిల్లలకు బడి గావాలె. సర్కారు ఎవ్వర్నీ తీసెయ్యనీకి రాదు. గీ ఒక్క ముచ్చట కంపెనీ నడిపినోళ్లకు ఎక్కదు. నేను ఏ పార్టీ కాదు.

ఫ్లింట్ రోడ్డు:
గోదావరిఖని అన్నకి దండం. నేను రాద్దామనుకున్నది సగం మీరే రాసేశారు.

నేనుండేది గ్రాండ్ బ్లాంక్‌లో, ఫ్లింట్‌కి పదిహేను నిమిషాలు. స్నైడర్ చెప్పిన వైద్యంలో పన్ను ఒక భాగమే. రెండో భాగం అప్పుల్లో మునిగిన ఊళ్లకి ఎమర్జెన్సీ మేనేజర్. రాష్ట్రం ఒక మనిషిని పంపిస్తుంది, మేయరూ కౌన్సిలూ పక్కకి తప్పుకోవాలి, సంతకం ఆయనదే. మునిగే కంపెనీకి కోర్టు రిసీవర్‌ని వేసినట్టు. ఆ చట్టాన్ని 2011లో గట్టిగా చేశారు. 2012 నవంబరులో జనం ఓటేసి కొట్టేశారు. అదే డిసెంబరులో మళ్లీ తెచ్చారు, ఈసారి అందులో కొంత డబ్బు కేటాయింపు కలిపారు. కేటాయింపు ఉన్న చట్టం మీద మిషిగన్‌లో రెఫరెండం, అంటే జనం ఓటు, పెట్టడానికి లేదు. తెలివంటే అదీ.

2014 ఏప్రిల్ 25న మేనేజర్ పాలనలోనే ఫ్లింట్‌కి డెట్రాయిట్ నుంచి వచ్చే హ్యూరన్ సరస్సు నీళ్లు ఆపి, ఊళ్లో పారే ఫ్లింట్ నది నీళ్లు తిప్పారు. ఖర్చు తగ్గుతుందని. పాత సీసం గొట్టాల లోపల ఒక పొర ఉంటుంది, పాత కాగులో పట్టిన గార లాగ. నీళ్లలో ఫాస్ఫేటు కలుపుతూ ఉంటేనే ఆ పొర నిలుస్తుంది. డెట్రాయిట్ కలిపేది. ఫ్లింట్‌లో కలపలేదు. పొర రాలింది, సీసం నీళ్లలో దిగింది.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని సంగతి. ఫ్లింట్‌లో జీఎం ఇంజన్ ప్లాంటు ఉంది. ఆ నీళ్లతో ఇంజన్ భాగాలు తుప్పు పడుతున్నాయని వాళ్లు కనిపెట్టారు. 2014 అక్టోబరులో అడిగారు, ప్లాంటుని పక్క టౌన్‌షిప్ నుంచి వచ్చే హ్యూరన్ నీళ్లకి మార్చుకోనిచ్చారు. ఊరి జనాన్ని తిరిగి డెట్రాయిట్ నీళ్లకి మార్చింది 2015 అక్టోబరులో. ఇనుముకి తుప్పు పడితే ఆర్నెల్లు, పిల్లల రక్తంలో సీసం దిగితే ఏడాదిన్నర. అదైనా మోనా హన్నా అనే పిల్లల డాక్టరమ్మ రక్త పరీక్షల లెక్కలు తీసుకెళ్లి మీడియా ముందు పెట్టాక.

2016 జనవరిలో మేం కొందరం తెలుగువాళ్లం నీళ్ల బాటిళ్లు పంచడానికి వెళ్లాం. ఒక ఫైర్ స్టేషన్ ముందు చలిలో లైను. ఒక ముసలామె ఇచ్చిన కేసు తీసుకుని, ఇంకోటి దొరుకుతుందా అని మెల్లిగా అడిగింది. మనవరాలికి స్నానానికి. బాటిల్ మూతలు ఒక్కొక్కటే తిప్పి బకెట్టు నింపుతుందట, పొయ్యి మీద కాచి కలుపుతుందట. చేతి వేళ్లకి టేపు చుట్టుకుని ఉంది. వ్యాపారస్తుడి పద్ధతి గురించి ఎవరు మాట్లాడినా నాకు ఆ టేపే కనిపిస్తుంది.

నోవి మామ:
అది విని మాట్లాడటం కష్టం. అయినా అడగాలి. హ్యూరన్ నుంచి కొత్త పైపులైనుకి మారతామని ఫ్లింట్ కౌన్సిలు కూడా ఓటేసింది కదా? ఫాస్ఫేటు కలపక్కర్లేదని చెప్పింది రాష్ట్ర పర్యావరణ శాఖ ఇంజనీర్లు కదా? అది ఏ గవర్నర్ కింద అయినా జరగొచ్చు. అదే ఎమర్జెన్సీ మేనేజరు పద్ధతే డెట్రాయిట్‌ని నిలబెట్టింది. 2013 జులైలో దాదాపు 1,800 కోట్ల డాలర్ల అప్పుతో దివాలా, 2014 డిసెంబరుకే బయటికి. అప్పు తీర్చడానికి ఊరి ఆర్ట్ మ్యూజియంలో ఒక్క బొమ్మ కూడా అమ్మలేదు. పేదలకి మెడికెయిడ్ (ప్రభుత్వ వైద్య బీమా) విస్తరించింది కూడా ఈ రిపబ్లికనే, సొంత పార్టీ తిట్టినా. కెనడాతో కొత్త వంతెన ఒప్పందం తెచ్చింది ఈయనే. డెట్రాయిట్ కోసం 50,000 వీసాలు ఇమ్మని 2014లో కేంద్రాన్ని అడిగిన గవర్నర్ ఇంకెవరు? ఇవ్వలేదనుకోండి.

లెక్కల మాస్టారు:
వంతెన, మెడికెయిడ్ ఒప్పుకుంటా. గమనించారా, ఆ రెండూ జమాఖర్చు చూసి చేసినవి కావు, పదిమందిని ఒప్పించి చేసినవి. డెట్రాయిట్ దివాలాలో మామూలు పింఛనుదార్లకి 4.5 శాతం కోత, ఏటా పెరిగేది కూడా పోయింది, అదీ రాసుకోండి.

ఫ్లింట్ రోడ్డు:
మామా, కౌన్సిలు ఓటేసింది కొత్త పైపులైనుకి. అది తయారయ్యేదాకా నది నీళ్లు తాగిద్దామని కాదు. ఇంజనీర్ల తప్పు ఉంది, ఎవరూ కాదనరు. కానీ జనం గోధుమరంగు నీళ్లు సీసాల్లో పట్టుకుని సభలకి వెళ్లారు. ఎవరి ముందు పెట్టాలి? కౌన్సిలుకి అధికారం లేదు, మేనేజరు వాళ్ల ఓట్లతో రాలేదు. మామూలు మేయరైతే వచ్చే ఎన్నిక గుర్తొచ్చయినా వణికేవాడు. 2020లో రాష్ట్రం 60 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. పొదుపు చేద్దామనుకున్న ఖర్చు అది.

ట్రాయ్ అక్క:
నేను ఇంకా ఆ పన్ను తీసేసినందుకు ఆయనకి దండం పెడతా. అది వేరు, ఇది వేరు. ఒక్కటి చెప్పు తమ్ముడూ, జీఎం నీళ్లు మార్చుకుంటానంటే ఊరికి నీళ్ల బిల్లు ఆదాయం పోతుంది కదా, ఆ పొదుపు మేనేజరు దానికెలా ఒప్పుకున్నాడు?

ఫ్లింట్ రోడ్డు:
ఒప్పుకున్నాడక్కా. ఏడాదికి 4 లక్షల డాలర్ల దాకా పోతుందని లెక్క కూడా వేసుకున్నారు. పోతే పోనీ అనుకున్నారు. కంపెనీ కదా, నీళ్లు బాగోకపోతే వెళ్లిపోగలదు.