మా వాడు రోజంతా అట్టపెట్టెలోనే ఆడుతున్నాడు, "మెదడు ఎదుగుదల" క్లాసులో చేర్చాలా?

నాలుగేళ్ళవాడి అమ్మ

అందరికీ నమస్తే. చదివి నవ్వుకున్నా పరవాలేదు, జవాబు మాత్రం చెప్పండి.

మా వాడికి వచ్చే నెల 4 ఏళ్ళు నిండుతాయి. మా తోడికోడలి కూతురు వాడికంటే 3 నెలలు చిన్నది. ఆ పాపని ఆరేడు నెలలుగా ఒక "మెదడు ఎదుగుదల" క్లాసుకి పంపిస్తున్నారు. మొన్న ఆదివారం మా ఇంటికొచ్చినప్పుడు వాళ్ళమ్మ ఫ్లాష్ కార్డులు చకచకా తిప్పుతుంటే పాప గ్రహాల పేర్లు ఒక్కటి కూడా తప్పకుండా చెప్పేసింది. అందరం చప్పట్లు కొట్టాం. అదే సమయంలో మా వాడు కొత్త ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెలో కూర్చుని, మేం కోసిపెట్టిన కిటికీలోంచి తల బయటపెట్టి, "టికెట్ తీసుకున్నారా? లేకపోతే దిగండి" అని వాళ్ళ తాతగారిని గదమాయిస్తున్నాడు.

ఆ క్లాసువాళ్ళు నాకు ఫోన్ చేశారు. "5 ఏళ్ళకల్లా మెదడు 90 శాతం ఎదిగిపోతుంది మేడమ్, ఆ తర్వాత మీరు ఎంత చేసినా అంతే" అన్నారు. ఫోన్ పెట్టేశాక కూర్చుని లెక్కేసుకున్నాను. ఇంకా 13 నెలలే ఉంది! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంకా చెప్పాలంటే, మా వాడు అక్షరాలు దిద్దమంటే పెన్సిల్ విసిరేస్తాడు. బకెట్ దగ్గర కూర్చోబెడితే మాత్రం గంటసేపు చిన్న మగ్గుతో పెద్ద మగ్గులోకి నీళ్ళు పోస్తూనే ఉంటాడు. నేను ఇంటి నుంచే పని చేస్తాను కాబట్టి మీటింగుల టైములో ఫోన్ ఇస్తాను, రోజుకి 2 గంటలు. వాళ్ళ నాన్న రాత్రి 10 దాటాక వస్తారు. ఆయనతో ఆడుకుని పడుకునేసరికి 11 అవుతుంది, పొద్దున 7కి లేపేస్తాను. ఇందులో ఏది మార్చాలి? క్లాసులో చేర్చాలా?

పాత పంతులమ్మ

అమ్మా, ముందు ఆ 13 నెలల లెక్క పక్కన పెట్టు. నేను 22 ఏళ్ళు చిన్నపిల్లలకి చదువు చెప్పి రిటైరయ్యాను. ఈ 90 శాతం మాట పట్టుకుని హడలిపోయిన తల్లులని ఎంతమందిని చూశానో.

ఆ మాట అబద్ధం కాదు, సగం నిజం. అది మెదడు సైజు గురించి. పుట్టినప్పుడు 400 గ్రాములు కూడా ఉండని మెదడు పెద్దయ్యాక 1300, 1400 గ్రాములవుతుంది. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం బడికి వెళ్ళే వయసుకి అయిపోతుంది, నిజమే. కానీ గోడలు లేచినంత మాత్రాన ఇంట్లో సంసారం సర్దుకున్నట్టేనా? లోపల నాడీకణాల మధ్య కనెక్షన్లు మొదట్లో అవసరానికి మించి పుడతాయి. వాడేవి గట్టిపడతాయి, వాడనివి రాలిపోతాయి. ఆ పని ఏళ్ళ తరబడి సాగుతుంది. కోపాన్ని ఆపుకోవడం, ముందుచూపుతో ఆలోచించడం లాంటివి చూసుకునే నుదుటి వెనక భాగమైతే 25 ఏళ్ళ దాకా తయారవుతూనే ఉంటుంది. మొదటి ఐదేళ్ళు ముఖ్యమే, కాదనను. అయితే ఐదో పుట్టినరోజున ఎవరూ తలుపులు మూసెయ్యరు.

ఇక మీ వాడి పెట్టె సంగతి. నాకు దాని గురించే రాయాలని ఉంది.

వాడు కండక్టరు. అక్కడున్నది బస్సు కాదని వాడికి తెలుసు. అయినా బస్సే అనుకోవాలి, అంటే ఒకేసారి రెండు సంగతులు బుర్రలో పట్టి ఉంచాలి. పైగా ఒక రూలు పెట్టుకున్నాడు, టికెట్ లేకపోతే ఎక్కనివ్వకూడదని. తాతగారంటే ఇష్టమైనా రూలు ప్రకారం దిగమనాలి. చూశావా, ఎంత పని జరుగుతోందో! నా క్లాసులో ఒక బాబు ఉండేవాడు, లైనులో అర నిమిషం నిలబడమంటే మెలికలు తిరిగిపోయేవాడు. ఒకసారి పిల్లలంతా రాజుగారి కోట ఆట ఆడుతూ వాడిని కాపలా భటుడిని చేశారు. చేతిలో చీపురుపుల్లతో కొయ్యబొమ్మలా నిలబడిపోయాడు, నేను వెళ్ళి పలకరించినా కదల్లేదు. మనం చెబితే రాని నిగ్రహం ఆటలో దానంతటదే వచ్చింది. ఇది నేనొక్కదాన్నే కనిపెట్టింది కాదులే, అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2018లో ఆటల మీద ఒక నివేదికే ఇచ్చింది. పిల్లలు వాళ్ళంతట వాళ్ళు ఎంచుకుని ఆడే ఆట వల్ల ప్లాన్ చేసుకోవడం, సర్దుకుపోవడం, నిగ్రహం పెరుగుతాయని అందులో రాశారు.

నీళ్ళ మగ్గు కూడా అంతే. పెద్ద మగ్గు నిండాలంటే చిన్న మగ్గుతో ఎన్నిసార్లు పొయ్యాలో ఈసారి వాడినే అడిగి చూడు. నోటితో చెప్పకపోయినా చేత్తో చూపించేస్తాడు. అలా పొయ్యడంలోనే వేళ్ళకి పట్టు వస్తుంది, పెన్సిల్ దాని వెనకే వస్తుంది.

పాప గ్రహాల పేర్లు చెప్పడం తప్పేమీ కాదు. ముచ్చటే. ఆ పాపని వాడితో పోల్చడం మాత్రం మానెయ్యి, ఇద్దరికీ మంచిది.

రాత్రి డ్యూటీ నాన్న

క్లాసు గురించి పంతులమ్మగారు చెప్పారు. నా కంటికి కనిపించింది వాడు రాత్రి 11కి పడుకోవడం. రాత్రి 11 నుంచి పొద్దున 7 అంటే 8 గంటలేనండీ. 3, 4 ఏళ్ళ పిల్లలకి పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పగలు నేర్చుకున్నది నిద్రలోనే గట్టిపడుతుంది. క్లాసు ఫీజు కట్టేముందు ఈ లెక్క సరిచూసుకోండి.

నాదీ ఇదే కథ. నేను ఆలస్యంగా వచ్చేవాణ్ణి, పాప నా కోసం మేలుకుని ఉండేది. నాకది ప్రేమగా కనిపించేది, సాయంత్రం అయ్యేసరికి పాప చీటికీమాటికీ ఏడుస్తుంటే మాత్రం మొండితనం అనుకునేవాణ్ణి. తర్వాత మూడు నాలుగు రోజులకోసారి పడుకునే టైము 15 నిమిషాలు ముందుకి జరుపుకుంటూ వచ్చాం. పడుకునే గంట ముందు నుంచి ఫోన్, టీవీ బంద్, లైట్లు తగ్గించేవాళ్ళం. నేను ఆడుకునే టైము పొద్దున్నకి మార్చుకున్నాను. మొదటి వారం నరకం, అబద్ధం చెప్పను. మూడో వారానికి సాయంత్రపు ఏడుపులు సగానికి సగం తగ్గాయి.

అదే సంస్థ ఈ వయసుకి స్క్రీన్ రోజుకి గంటకి మించకూడదంది. 3 గంటలు ఒళ్ళు కదలాలి, అందులో కనీసం గంటసేపు ఆయాసం వచ్చేలా గెంతాలి. అట్టపెట్టె మంచిదే, కాస్త బయట కూడా పరిగెత్తించండి.

సందేహాలరావు

నేను కొంచెం అడ్డం మాట్లాడతాను, ఏమనుకోకండి. "అట్టపెట్టె చాలు" అంటే నేను ఒప్పుకోను. పెట్టె బయట తాతగారు ఉన్నారు చూడండి, అసలు సంగతి అదీ. ఆయన "అయ్యో, టికెట్ పోయిందండీ" అని ఉంటాడు, వాడు దానికి ఇంకేదో అని ఉంటాడు. ఆ మాటకి మాట లేకపోతే పెట్టె ఒట్టి అట్టే.

2003లో అమెరికాలో పట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు 9 నెలల పిల్లలకి 12 సార్లు చైనా భాష వినిపించారు. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే పిల్లలు ఆ భాష శబ్దాల్లో తేడా పట్టేశారు. అదే వీడియోలో చూపిస్తే అసలు నేర్చుకోలేదు. మీ వాడు పెద్దవాడే, వీడియోలోంచి కొంత నేర్చుకుంటాడు, కానీ ఎదురుగా మనిషి ఉండడం వేరు.

ఇలాంటి అమ్మకాల మాటలు కొత్తవీ కాదు. మొజార్ట్ సంగీతం వింటే పిల్లల తెలివి పెరుగుతుందని ఒకప్పుడు ఊదరగొట్టారు. 1993లో ఆ ప్రయోగం జరిగింది 36 మంది కాలేజీ విద్యార్థుల మీద. కనిపించిన లాభం పావుగంటకి మించి నిలవలేదు. అందులో పసిపిల్లలే లేరు!

ఒక్కటి మాత్రం నిర్లక్ష్యం చెయ్యకండి. మాట సరిగ్గా రాకపోయినా, పిలిస్తే పలక్కపోయినా, ఎప్పుడూ నీరసంగా ఉన్నా పోవలసింది డాక్టరు దగ్గరికి, క్లాసుకి కాదు. చెవి, కన్ను, రక్తంలో ఐరన్ చూపించుకోవాలి. ఐరన్ తక్కువైతే మెదడు ఎదుగుదల మీద దెబ్బ పడుతుంది, దాన్ని ఏ ఫ్లాష్ కార్డూ పూడ్చలేదు. టికెట్లు అడిగే మీ వాడికి ఆ బాధ ఉన్నట్టు లేదులెండి.

నాలుగేళ్ళవాడి అమ్మ

అందరికీ థాంక్స్. పంతులమ్మగారూ, మీ జవాబు మా ఆయనకి చదివి వినిపించాను. ఇంకొక్క మాట అడుగుతాను. మీటింగుల్లో ఉన్నప్పుడు వాడు వచ్చి "అమ్మా చూడు" అంటాడు. నేను స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండా "ఊఁ" అంటాను. దీనివల్ల వాడికేమైనా అవుతుందా? సిగ్గుపడుతూనే అడుగుతున్నాను.

పాత పంతులమ్మ

సిగ్గెందుకమ్మా, పని చేసుకునే ప్రతి తల్లీ ఇదే అడుగుతుంది. 1970ల్లో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే ఆయన ఒక ప్రయోగం చేశాడు. తల్లి బిడ్డని ఆడిస్తూ ఆడిస్తూ ఒక్కసారిగా మొహంలో ఏ భావమూ లేకుండా ఉండిపోవాలి. బిడ్డ నవ్వుతుంది, చేతులు చాపుతుంది, అరుస్తుంది, చివరికి మొహం తిప్పేసుకుంటుంది. చూస్తుంటే గుండె తరుక్కుపోతుంది. నీకు చెప్పాల్సింది మాత్రం దాని తర్వాతి ముక్క. తల్లి మళ్ళీ నవ్వి పలకరించగానే బిడ్డ మెల్లగా సర్దుకుంటుంది. రోజంతా వాడి మొహమే చూస్తూ ఉండక్కర్లేదు. తలుపుకి ఒక ఎర్ర కాగితం అంటించు, అది ఉన్నంతసేపు అమ్మకి పని అని చెప్పు. తీసేశాక పది నిమిషాలు ఫోన్ వేరే గదిలో పెట్టి, వాడు చెప్పిన ఆట ఆడు. ఆటలో నువ్వు టీచరువి కాకు, ప్యాసింజరువి.

నాలుగేళ్ళవాడి అమ్మ

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. క్లాసులో చేర్చలేదు. పడుకునే టైము 9:15కి వచ్చింది, మా ఆయన పొద్దున్నే లేచి వాడిని పరిగెత్తిస్తున్నారు, ఆయాసం ఆయనకే వస్తోంది. ఫోన్ గంటకి తగ్గింది, కొన్ని రోజులు గంటన్నర అవుతోంది. ఎర్ర కాగితం వాడే అంటిస్తున్నాడు, కొన్నిసార్లు వాడి పెట్టెకి కూడా.

నిన్న మా తోడికోడలి పాప వచ్చింది. ఇద్దరూ పెట్టెలో దూరారు. వాడు కండక్టరు, పాప స్టాపుల పేర్లు అరుస్తోంది: "బుధుడు వచ్చింది! శుక్రుడు దిగేవాళ్ళు రండి!" నేను శనికి వెళ్ళాలన్నాను. టికెట్ అడిగాడు. లేదన్నాను. ఎక్కించుకోలేదు.

పెట్టె ఒక పక్క పూర్తిగా చిరిగిపోయింది. అట్టకి అట్ట అతికితే నిలిచే జిగురు ఏదైనా తెలిస్తే చెప్పండి.