మాంద్యం వస్తే పాత రీలు కెమెరాల ధరలు నిజంగా తగ్గుతాయా?

కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఉంటాను. నికాన్ ఎఫ్‌ఎం2 బాడీ ఒకటి, దానికి 50 ఎం.ఎం. లెన్సు ఒకటి కొనాలని కొంతకాలంగా ధరలు గమనిస్తున్నాను. మాంద్యం ముదిరితే జనం ముందుగా వదిలించుకునేది ఇలాంటి సరదా వస్తువులనే కనుక, కొన్నాళ్లు ఓపిక పడితే సగం ధరకే దొరుకుతుందని మిత్రులు చెబుతున్నారు. మాట సబబుగానే అనిపిస్తున్నా, ఉద్యోగాల కోతల వార్తలు ఎన్ని వచ్చినా ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టినవారు అడిగే ధరలు మాత్రం దిగినట్టు కనిపించడం లేదు.

ఇంకొక సంగతి. మా ఇంట్లో యాషికా మ్యాట్-124జి అనే రెండు లెన్సుల పాత రీలు కెమెరా ఉంది. దాన్ని అమ్మి, ఆ డబ్బుకు మరికొంత కలిపి ఎఫ్‌ఎం2 కొనాలన్నది ఆలోచన. ధరలు పడేటట్టయితే ముందు అమ్మి తరువాత తాపీగా కొనాలి. పెరిగేటట్టయితే ముందు కొనాలి. 2008లోనూ, 2020లోనూ ఈ బజారును దగ్గరగా చూసినవారు అప్పుడు ఏమి జరిగిందో వివరిస్తే నాకు ఎంతో మేలు చేసినవారవుతారు.

కోఠి పాతకెమెరా

నమస్కారమండి. 2008తోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ మిత్రుల మాటకు మూలం బహుశా ఆ రోజులే. అమెరికాలోని లేమన్ బ్రదర్స్ బ్యాంకు 2008 సెప్టెంబరులో దివాలా తీసింది. ఆ తరువాతి రెండు మూడేళ్లలో ఫిల్ము కెమెరాలు చాలా చవకగా దొరికాయన్నది వాస్తవమే. అయితే ఆ చవకనంతా మాంద్యం ఖాతాలో వేయడం సరికాదు. కొనికా మినోల్టా 2006లోనే కెమెరాల వ్యాపారం నుంచి తప్పుకుంది. అదే ఏడాది నికాన్, ఎఫ్6, ఎఫ్‌ఎం10 మినహా మిగిలిన ఫిల్ము బాడీలన్నింటినీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. పోలరాయిడ్ 2008లో తన ఇన్‌స్టంట్ ఫిల్ముకు, కోడక్ 2009లో కోడాక్రోమ్ అనే రంగుల ఫిల్ముకు స్వస్తి చెప్పాయి. మన ఊళ్లలో పెళ్లిళ్లు తీసే స్టూడియోలన్నీ ఆ సంవత్సరాల్లోనే డిజిటల్‌కు మారుతూ, అంతకుముందు ఇంటిల్లిపాదికీ తిండి పెట్టిన పెంటాక్స్ కె1000లనూ, యాషికాలనూ, మామియా ఆర్‌బి67లనూ అయినకాడికి అమ్ముకున్నాయి. బ్యాంకులు కూలకపోయినా ఆ ధరలు పడేవే. ఇకపై ఆ పరికరాలతో పని ఉండదని అందరూ నమ్మిన కాలమది. ఇప్పుడు అమ్మకానికి వచ్చే కెమెరాల్లో చాలావరకు, ఆ నమ్మకం చెదిరిన తరువాత ఎవరో మంచి ధర పెట్టి ఇష్టంగా కొనుక్కున్నవే. అవసరం తీరిపోయినవాడు తెగనమ్మినట్టు ఇష్టపడి కొన్నవాడు అమ్మడు. గిట్టుబాటు కాకపోతే బీరువాలో పెట్టి తాళం వేస్తాడు.

అందుకే మాంద్యంలో మొదట తగ్గేది ధర కాదు, అమ్మకాల సంఖ్య. చెప్పే ధర అలాగే నిలిచి ఉంటుంది, బేరం మాత్రం తెగదు. మీరు చూస్తున్నది చెప్పే ధరలను. ఈబే అనే ఆన్‌లైన్ అంగడిలో అమ్ముడుపోయినవాటిని విడిగా చూపించే సౌకర్యం ఉంది. అందులో గత మూడు నెలల లెక్క తీసి, ఒకే బాడీకి చెప్పిన ధరకూ తెగిన ధరకూ మధ్య ఎంత దూరం ఉందో చూడండి. ఆ దూరం పెరుగుతున్నదంటే గిరాకీ సన్నగిల్లుతున్నదన్నమాట, పైకి ధరల పట్టీ కదలకపోయినా సరే.

ఇక మన దేశంలో కొనేవారు తప్పక లెక్కలోకి తీసుకోవలసింది యెన్ మారకం. మంచి స్థితిలో ఉన్న నికాన్‌లూ, పెంటాక్స్‌లూ ఎక్కువగా వచ్చేది జపాన్ నుంచే. 2008 జనవరిలో ఒక యెన్ మనకు సుమారు 36, 37 పైసలు. ప్రపంచమంతా వణికిపోతున్న ఆ ఏడాది డిసెంబరుకు అది 50 పైసలు దాటి పోయింది. తక్కువ వడ్డీకి యెన్‌లలో అప్పు చేసి ఇతర దేశాల్లో పెట్టుబడి పెట్టినవారందరూ భయంతో ఒకేసారి ఆ అప్పులు తీర్చుకోవడానికి యెన్ కొనడం ఒక కారణం. మన రూపాయి డాలరుతో పోలిస్తే 39 నుంచి 50 దాకా దిగజారడం రెండో కారణం. టోక్యో దుకాణంలో 30,000 యెన్‌లు పలికే కెమెరా ఏడాది మొదట్లో మనకు 11,000 రూపాయల లోపే. ధర అక్కడ ఒక్క యెన్ కూడా పెరగకుండానే, ఏడాది చివరికి అదే కెమెరాకు 16,000 రూపాయల దాకా పెట్టవలసి వచ్చింది. దాని మీద కొరియర్ ఖర్చు, కస్టమ్స్ సుంకం వేరే. మాంద్యం వల్ల జపాన్‌లో ధర పాతిక శాతం తగ్గినా మన చేతికి ఏమీ మిగలలేదన్నమాట.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పరిస్థితి ఇటీవలిది. 2020 రెండో సగంలో 70 పైసల దగ్గర ఉన్న యెన్ 2024 జూలై మొదటికి 52 పైసల దగ్గరికి దిగింది. మాంద్యం కోసం ఎదురుచూసినవారి కంటే యెన్ పట్టికను చూసి కొన్నవారే ఈ మధ్యకాలంలో లాభపడ్డారని నా దృఢమైన అభిప్రాయం.

డాలస్ నుంచి

పై సమాధానం చాలా వివరంగా ఉంది. అమెరికా వైపు నుంచి రెండు మాటలు చేరుస్తాను.

2020 సంగతి ఎవరి అంచనాకూ అందలేదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో బజారు ఒక్కసారిగా ఆగిపోయింది. కొనేవారు చేతులు ముడుచుకున్నారు, జపాన్ పోస్ట్ ఏప్రిల్‌లో అమెరికాకు విమాన పార్సిళ్లను నిలిపివేయడంతో అక్కడి సరుకు రావడం కూడా గగనమైంది. నిరుద్యోగం ఆ స్థాయికి చేరినప్పుడు ధరలు కుప్పకూలాలి కదా! కూలలేదు సరికదా, ఆ ఏడాది రెండో సగం నుంచి పెరగడం మొదలుపెట్టి 2021 అంతా పెరుగుతూనే పోయాయి. ప్రభుత్వం పెద్దవారికి తలా 1,200 డాలర్ల దాకా ఇచ్చింది, ప్రయాణాలూ హోటళ్లూ లేక జీతాలు మిగిలాయి, ఇంట్లో కూర్చున్నవారు కొత్త వ్యాపకాలు వెతుక్కున్నారు. కనుక ఆర్థిక వ్యవస్థ ఎంత కుంగిందన్నది ఒక్కటే చాలదు, కుంగినప్పుడు సరదాలకు ఖర్చు పెట్టగలిగే జనం చేతిలో డబ్బు ఉందా లేదా అన్నది చూడాలి.

మరి చవక బేరాలు ఎక్కడుంటాయి? 2023 మొదట్లో టెక్ కంపెనీల్లో కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు ఇక్కడి తెలుగువారి మధ్య నేను చూసినది చెబుతాను. హెచ్-1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికి ఉన్న గడువు 60 రోజులు. మా కాంప్లెక్సులో ఒకాయన ఆ గడువు ముగుస్తుండగా ఇల్లు ఖాళీ చేస్తూ, సోఫా, భోజనాల బల్ల, పిల్లల సైకిళ్లతో పాటు నికాన్ ఎఫ్3 బాడీనీ మూడు లెన్సులనూ కూడా ఊళ్లోనే అమ్మకానికి పెట్టారు. లెన్సులకు రెండు వైపులా మూతలు, ఒరిజినల్ పెట్టె, సర్వీసింగ్ చేయించిన రసీదు అన్నీ ఉన్నాయి. ఈబేలో ఆ వారం అలాంటివి తెగిన ధరలో సగం కంటే కాస్త ఎక్కువకు, అదే సాయంత్రం నగదు పట్టుకుని వచ్చిన ఒక కుర్రవాడికి ఇచ్చేశారు. ఈబేలో పెడితే సుమారు 13 శాతం రుసుము పోతుంది, డబ్బు చేతికి రావడానికి రోజులు పడుతుంది, కొన్నవాడు తిప్పి పంపితే ఆయన అప్పటికి హైదరాబాదులో ఉంటారు. ఎఫ్3 సగటు ధర ఆ వారంలో ఎక్కడా మారలేదు. మాంద్యంలో చవక అనేది సగటులో కనిపించదు. ఎవరికో ఉన్న తొందరలో, మన ఊరికి దగ్గరలో, ఒక పూట కనిపించి మాయమవుతుంది. దానికోసం ధరలు పడే తేదీని ఊహిస్తూ కూర్చోవడం కన్నా, చేతిలో డబ్బు సిద్ధంగా ఉంచుకుని స్థానిక ప్రకటనలు రోజూ చూడడమే మేలు.

ఆ ఎఫ్3 అమ్ముకున్నాయన మొహం గుర్తున్నందువల్ల ఇంకొక మాట కూడా చెప్పాలనిపిస్తోంది. అలాంటి బేరం మీకు ఎదురైతే, అడిగిన ధర అప్పటికే తక్కువైతే, దయచేసి ఇంకా తగ్గించమని పీడించకండి.

లెన్సు సర్వీసు

నేను బాగుచేతలు చేసేవాడిని కనుక నా చూపు వేరు. మొదటి సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, రీలు కెమెరాలన్నీ ఒకే సరుకన్నట్టు మాట్లాడడం వద్ద మాత్రం ఆగవలసి వస్తోంది.

కాంటాక్స్ టి2 వంటి ఖరీదైన కాంపాక్టులను, అంటే జేబులో పట్టే చిన్న కెమెరాలను తీసుకోండి. 1990లో వచ్చిన ఈ కెమెరాను మోడల్ కెండల్ జెన్నర్ 2017లో ఒక టీవీ కార్యక్రమంలో చూపించిన తరువాత ధర రెక్కలు తొడిగింది. దాని లోపలిదంతా ఎలక్ట్రానిక్స్. సర్క్యూటు పోతే కొత్త భాగాలు తయారుచేసేవారు లేరు, చనిపోయిన మరొక కెమెరా నుంచి తీసి వేయాలి. మోజు మీద నిలబడిన ధర చేతులు బిగుసుకున్నప్పుడు ముందుగా జారుతుంది. అలాంటివి మాంద్యం ముంగిట కొనవద్దని నా దగ్గరికి వచ్చేవారికి చెబుతాను. లైకా ఎం3, ఎం6ల వంటివి వేరొక కోవ. వాటి యజమానుల్లో అవసరానికి అమ్ముకోవలసినవారు తక్కువ కాబట్టి అవి చేతులు మారడం ఆగుతుందే తప్ప ధర పెద్దగా దిగదు. 2022లో లైకా సంస్థ ఎం6ను మళ్లీ తయారుచేసి ఎంతో ఎక్కువ ధరకు అమ్మడం మొదలుపెట్టడంతో పాతదానికి ఒక ఆసరా కూడా దొరికింది.

మీరు అడిగిన ఎఫ్‌ఎం2 ఈ రెండింటికీ మధ్యది. 1982 నుంచి 2001 దాకా తయారైంది, షట్టర్ మొత్తం యాంత్రికం, బ్యాటరీ అయిపోయినా వెలుగును కొలిచే లైట్ మీటర్ తప్ప అన్నీ పనిచేస్తాయి. పనిముట్టుగా వాడేవారే ఎక్కువగా కొంటారు కాబట్టి మోజు తగ్గినా దీని ధర నిదానంగానే కదులుతుంది. దీన్ని నిజంగా కదిలించేది రీలు ఖర్చు. ఫ్యూజీఫిల్మ్ 2022 ఏప్రిల్‌లో జపాన్‌లో ఫిల్ము ధరలను 60 శాతం దాకా పెంచింది, కోడక్ రీళ్లు కూడా ఏటా ఖరీదవుతూ వచ్చాయి. 36 ఫ్రేముల రీలు కొని, కడిగించి, స్కాన్ చేయించుకునేసరికి మధ్యతరగతివాడు ఉలిక్కిపడతాడు. జీతం నిలకడ లేనప్పుడు నెలకు నాలుగు రీళ్లు తీసేవాడు ఒకటికి దిగుతాడు, తరువాత కెమెరా అమ్మకానికి పెడతాడు. కాబట్టి మంచి ఎఫ్‌ఎం2లు కొన్ని నెలలు ఆలస్యంగా బజారుకు వస్తాయి, మాంద్యం వార్తలు వచ్చిన వారంలో రావు.

ఆగమని మాత్రం నేను చెప్పను. పనిచేసే బాడీల సంఖ్య ప్రతి ఏడాదీ తగ్గుతోంది, వీటిని విప్పి సరిచేయగల చేతులు అంతకంటే వేగంగా తగ్గుతున్నాయి. ముంబయి బోరా బజార్‌లోనో, కోల్‌కతా మెట్రో గల్లీలోనో, ఢిల్లీ కూచా చౌధరీ మార్కెట్‌లోనో చేత్తో పట్టుకుని చూసి కొనగలిగితే వెంటనే కొనండి. 1/1000, 1/2000, 1/4000 స్పీడుల్లో వెనుక తలుపు తెరిచి, వెలుగు వైపు పెట్టి షట్టర్ కొట్టి చూడండి. ఫ్రేములో ఒక అంచు చీకటిగా ఉంటే ఆ బాడీ వదిలేయండి. బడ్జెటు చాలకపోతే ఎఫ్‌ఎం10 చూడండి. నికాన్ కోసం కొసీనా అనే కంపెనీ తయారుచేసినది, ప్లాస్టిక్ ఎక్కువ, కానీ అవే నికాన్ లెన్సులు దానికీ పడతాయి.

కృష్ణాతీరం

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. అమ్ముడుపోయిన ధరల లెక్క ఈ రోజే తీశాను. ఎఫ్‌ఎం2కు చెప్పే ధరకూ తెగే ధరకూ తేడా నేను అనుకున్నదానికంటే చాలా ఎక్కువగా ఉంది. ఎఫ్‌ఎం2 విషయంలో ఇక ఆగను. మిగిలింది యాషికా మ్యాట్. దాని లైట్ మీటర్ కదలడం లేదు, ఒక సెకను, అర సెకను స్పీడుల్లో షట్టర్ ఇరుక్కుంటోంది, మిగతా స్పీడులు బాగానే ఉన్నాయి. సర్వీసింగ్ చేయించి అమ్మితే గిట్టుబాటవుతుందా, ఉన్నది ఉన్నట్టుగా అమ్మాలా?

కోఠి పాతకెమెరా

ఉన్నది ఉన్నట్టుగా అమ్మండి. గిరాకీ మంచిగా ఉన్న కాలంలో సర్వీసింగ్ చేసిన కెమెరాకు కొనేవారు అదనంగా ఇస్తారు. చేయి బిగుసుకున్న కాలంలో ఆ రసీదు బేరం తెగడానికి సాయపడుతుందే తప్ప దాని ఖర్చు వెనక్కి రాదు. మీటర్ విషయానికి వస్తే, అది 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కోసం తయారైనది, ఆ బ్యాటరీలు బజారులో లేవు. చాలామంది ఫోనులో మీటర్ చూసుకుని ఈ కెమెరా వాడుతున్నారు కనుక అది పెద్ద లోపం కాదు. నెమ్మది స్పీడులు ఇరుక్కోవడం ఎండిపోయిన గ్రీజు వల్ల, ఈ వయసు షట్టర్లలో మామూలే. రెండింటినీ ప్రకటనలో స్పష్టంగా రాయండి.

ధరను నిర్ణయించేది లెన్సు. కృష్ణా, గుంటూరు జిల్లాల తేమలో ఏళ్ల తరబడి తోలు సంచిలో ఉన్న కెమెరాలకు ఫంగస్ పట్టని సందర్భాలు అరుదు. పైనున్నది చూసుకునే లెన్సు, కిందిది ఫొటో తీసే లెన్సు. పైదానికి ఫంగస్ ఉన్నా ఫొటోకు నష్టం లేదు, కిందిది శుభ్రంగా ఉంటే మీరు ధర దిగవలసిన పని లేదు. వెనుక తలుపు తెరిచి, షట్టర్‌ను బి (మీట నొక్కి ఉంచినంతసేపు తెరిచి ఉండే స్థానం) మీద పెట్టి తెరిచి ఉంచి, ముందు నుంచి టార్చి వేసి కింది లెన్సు ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. అది చూశాక ఎంత చెప్పవచ్చో, ఎంతకు తెంచవచ్చో చెబుతాను.