వరిగడ్డి, పత్తికట్టెతో ఇథనాల్: వరంగల్‌కు ఫ్యాక్టరీ కావాలా, వద్దా?

పరకాల పిల్లగాడు
యాసంగి కోతలు అయిపోయినయి. రాత్రి డాబా ఎక్కి చూస్తే నాలుగు దిక్కులా మంటలే. హార్వెస్టర్ వదిలిన గడ్డిని ఏరే ఓపిక ఎవరికీ లేదు, అగ్గిపుల్ల గీస్తే పని అయిపోతుంది. పత్తికట్టెదీ అదే గతి. హర్యానాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ వాళ్ల ప్లాంటు వరిగడ్డితోనే పెట్రోలులో కలిపే ఇథనాల్ చేస్తుంది, 2022 ఆగస్టులో ప్రారంభించారు. ఏడాదికి 2 లక్షల టన్నుల గడ్డి, 3 కోట్ల లీటర్ల ఇథనాల్ అన్నది దాని లెక్క. వరి, పత్తి రెండూ ఉన్న మన దగ్గర ఎందుకు పెట్టకూడదు? వద్దనేవాళ్లు కారణం చెప్పండి.

నిర్మల్ మనిషి
తమ్మీ, ఇథనాల్ అన్న మాట వింటేనే మా వైపు జనం రోడ్డెక్కుతారు. 2024 నవంబరులో దిలావర్‌పూర్, గుండంపల్లి వాళ్లు ఎక్కారు కూడా, అక్కడి ఇథనాల్ ఫ్యాక్టరీ పనులు ఆపేదాకా దిగలేదు. నీళ్లు గుంజుకుంటారని, వాసన, మురుగు ఊరి మీద పడతాయని భయం. పెట్రోలులో 20 శాతం కలపాలని పైనవాళ్లు లెక్క పెట్టుకుంటే, పక్కన బతకాల్సింది మేము. ఇప్పుడు గడ్డి పేరు చెప్తే మంచిదైపోతుందా?

కాజీపేట కెమికల్
అన్నా, గింజలతో చేసే ఇథనాల్, గడ్డితో చేసేది రెండూ ఒకటి కాదు. బియ్యం, మక్కల్లో ఉండేది పిండి. దాన్ని చక్కెరగా మార్చి ఈస్ట్ వేస్తే కల్లు పులిసినట్టు పులుస్తుంది. గడ్డిలో చక్కెర సెల్యులోజ్, హెమిసెల్యులోజ్ రూపంలో బిగుసుకుని ఉంటుంది, చుట్టూ లిగ్నిన్ అనే గట్టి పదార్థం పట్టుకుని ఉంటుంది. ముందు ఆవిరి, ఆమ్లంతో ఉడికించి ఆ ముడి విప్పాలి, తర్వాత ఎంజైములు వేయాలి. అంత చేసినా హెమిసెల్యులోజ్ నుంచి వచ్చే జైలోజ్ అనే చక్కెరను మామూలు ఈస్ట్ ముట్టదు. అందుకే టన్ను బియ్యానికి 400 లీటర్ల పైన వస్తే, గడ్డికి పానిపట్ లెక్కలోనే 150 లీటర్లు. మిగిలిన లిగ్నిన్‌ను బాయిలర్‌లో కాల్చుకోవచ్చు. పత్తికట్టె మరీ మొండిది, అది దాదాపు చెక్కే.
నీళ్లు, మురుగు విషయంలో మాత్రం అన్న మాట కరెక్ట్. గింజైనా గడ్డైనా, పులియబెట్టి కాచాక స్పెంట్‌వాష్ అనే మురుగునీళ్లు మిగులుతాయి. వాటిని ఏం చేస్తారని ఊరు అడగాల్సిందే.

నర్సంపేట అక్క
కెమిస్ట్రీ బాగానే ఉంది. గడ్డి ఎవరు మోస్తారు? ఎకరాకు రెండు టన్నులు అనుకున్నా 2 లక్షల టన్నులంటే లక్ష ఎకరాల గడ్డి. కోతకూ దుక్కికీ నడుమ మాకు దొరికేదే కొన్ని రోజులు, అందరికీ గడ్డిని కట్టలు కట్టే బేలర్ అప్పుడే కావాలి. పోయినేడు ఒకాయన "రేపు వస్తా అక్కా" అంటూ తొమ్మిది రోజులు తిప్పిండు. పదో రోజు వాన కొట్టింది, గడ్డి నల్లబడింది, చివరికి నేనూ అంటుపెట్టిన. సిగ్గుగానే ఉంది, కానీ ఏం చేయాలి? ఆ ప్లాంటు ఏడాదంతా నడవాలంటే కట్టలు గుట్టలుగా దాచాలి, అగ్గి భయం, వాన భయం. ఇంకోటి, గడ్డిని చెత్త అనకండి. బర్రెలున్న ఇంట్లో అడగండి, ఎండాకాలం దాని ధర చెప్తారు.

పరకాల పిల్లగాడు
నేను అడిగేది కాల్చేసే గడ్డి గురించే అక్కా. వడ్లకు సెంటర్ పెట్టినట్టు గడ్డికీ పెట్టి రేటు కడితే?

నర్సంపేట అక్క
వడ్లకే తేమ అని, తాలు అని తరుగు తీస్తారు తమ్మీ, ఇక గడ్డికి ఎంత తీస్తారో!
పత్తికట్టె అయితే ఇస్తా. దాన్ని బర్రె తినదు. కట్టెకు మిగిలిన ఎండు కాయల్లోనే గులాబీ రంగు పురుగు దాక్కుని మళ్లీ పంట మీదికి వస్తుంది, అది చేను దాటితే నాకే మేలు. కాకపోతే పీకించాలంటే కైకిలి కావాలి. రేటు సంగతి తర్వాత, ముందు ఆ కూలి ఎవరిస్తారు?

నిర్మల్ మనిషి
అది కాగితం మీద రాసిచ్చే రోజు, నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారో కూడా అందులోనే రాయమనండి.

జమ్మికుంట
అక్కా, మా దగ్గర బ్రికెట్లు (బాయిలర్లలో కాల్చే నొక్కిన ఇంధన దిమ్మెలు) చేసేవాళ్లు యంత్రం తెచ్చుకుని కట్టెను ముక్కలు కొట్టి వాళ్లే పట్టుకుపోయారు. చేను ఖాళీ అయింది కదా అని సంబరపడ్డాం. డబ్బులు వాళ్లు ఇవ్వలేదు, మేమూ అడగలేదు.