బాపు రిపోర్ట్‌ల 'ట్రైజెమినల్ ఆర్టరీ' అని వచ్చింది, మినీ స్ట్రోక్ దానితోనేనా?

పరకాల పత్తిచేను:
అన్నలు అక్కలు ఎవరికన్న ఇట్లయితే చెప్పున్రి. మా బాపుకు 61, షుగరు బీపీ రెండున్నయ్, బీడీలు తాగుతడు. ఎనుమాముల మార్కెట్ల బస్తాల కాడ నిలవడ్డోనికి ఎదురుంగున్న మనిషి ఇద్దరు లెక్క కనవడ్డడట, తూలిండు, మాట ముద్దముద్దగ వచ్చింది, పావుగంటకు మంచిగైండు. ఊర్లె గ్యాస్ అని గోలీలిచ్చిన్రు. నాకు మనసు ఒప్పక హన్మకొండల న్యూరో డాక్టర్‌కు చూపిస్తే టీఐఏ, అంటే మినీ స్ట్రోక్ అన్నడు, ఎమ్మార్ యాంజియో (మెదడు రక్తనాళాల స్కాన్) తీపిచ్చిండు. కుడి దిక్కు పర్సిస్టెంట్ ట్రైజెమినల్ ఆర్టరీ ఉన్నది, బేసిలార్ (మెదడు వెనక భాగానికి రక్తమిచ్చే నరం) సన్నగున్నది అని రాసిన్రు. ట్రైజెమినల్ అంటే తల్లి కడుపుల ఉన్నప్పటి రక్తం నరమట, పుట్టినంక గూడ పోలేదట. ఇన్నేండ్లు ఏం జెయ్యనిది ఇప్పుడెందుకు చేసింది?

స్కానింగ్ తమ్ముడు:
అన్నా నేను టెక్నీషియన్‌ను, డాక్టర్‌ను కాదు, రోజూ చూసేది చెప్తున్న. పిండం నెల వయసున్నప్పుడు మెదడు వెనక భాగానికి రక్తం మెడ ముందటి కరోటిడ్ నుంచే పోతది, మధ్యల అడ్డం నరాలుంటయ్, వెనక వెర్టిబ్రల్ నరాలు తయారైతుంటే ఇవి వారం దినాలల్లనే మూసుకపోతయ్. కొందరికి ఒకటి మిగుల్తది. అట్ల మిగిలినవాటిల్ల ఎక్కువ కనిపించేది ఈ ట్రైజెమినలే, అదైనా వెయ్యి మందిల ఒకరి నుంచి ఆరుగురి దాకనే. హైపోగ్లాసల్ అని అసొంటిదే ఇంకోటి, అది ఇంకా అరుదు. చానమందికి జీవితమంత తెల్వనే తెల్వది, తలనొప్పికని స్కాన్ తీస్తే బయటవడ్తది.
ఇప్పుడెందుకంటే, ఆ నరం మారలే, కరోటిడ్ మారి ఉంటది. షుగరు, బీడీలతోని మెడ నరంల కొవ్వు పేరుకుంటది, అండ్లకెళ్లి చిన్న రక్తం గడ్డ లేస్తే మామూలుగ ముందు మెదడుకు పోతది, చెయ్యి మూతి దెబ్బతింటయ్. మీ బాపుకు అడ్డదారి తెరిచి ఉన్నది కాబట్టి, కాకతీయ కెనాల్ల చెత్త తూముల నుంచి పక్క పొలంల వడ్డట్టు, అదే గడ్డ బేసిలార్‌లకు పోవచ్చు. రెండుగ కనవడుడు, తూలుడు వెనక మెదడు లక్షణాలే. మెడ డాప్లర్ (మెడ నరాలల్ల రక్తం ఎట్ల పారుతుందో చూసే స్కాన్) తీసిన్రా?

కాజీపేట అక్క:
మా అమ్మది ట్రైజెమినల్ కాదు, ఫీటల్ పీసీఏ, అంటే వెనక మెదడుకు పోయే నరం కరోటిడ్ నుంచే వచ్చుడు. అది నూటికి పది మందికి పైనే ఉంటదట, అందుకే రిపోర్ట్‌ల 'నార్మల్ వేరియంట్' అని ఒక్క ముక్క రాసి వదిలేసిన్రు. కానీ అమ్మకు ఎడమ దిక్కు చూపు కొద్దిసేపు మొత్తం పోయి వచ్చేది, మేము కండ్ల డాక్టర్ల చుట్టే తిరిగినం, కండ్లు మంచిగనే ఉన్నయ్. ఆఖరికి డాప్లర్‌ల కుడి కరోటిడ్ బాగ సన్నబడ్డదని తేలింది. ఆపరేషన్‌కు హైదరాబాద్ పోయినప్పుడు ఆ సర్జన్ ముందుగాల అడిగింది యాంజియో సీడీనే, కరోటిడ్‌ను కొద్దిసేపు బిగించి ఆపితే ఇసొంటోళ్లకు వెనక మెదడుకు గూడ రక్తం తగ్గుతదట. సీడీ పారేయకున్రి.

జగిత్యాల మావిడితోట:
నాది వేరే మాట. మా మామకు గూడ ఇదే ట్రైజెమినల్ వచ్చింది, అందరం దాన్నే పట్టుకోని కూసున్నం, అసలు కారణం గుండె. హోల్టర్ (దినమంత గుండె కొట్టుకునుడు రాసే మిషన్) పెడితే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పుడు అని తేలింది, గడ్డ గుండెలకెళ్లి వచ్చిందన్నరు, రక్తం పల్చగయ్యే మందు మొదలువెట్టిన్రు. రిపోర్ట్‌ల వింత పేరు కనవడ్డదని వెతుకుడు అక్కడనే ఆపొద్దు. ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) కూడ అడుగున్రి.

స్కానింగ్ తమ్ముడు:
ఇది నిజం, రెండూ చూడాలె. ఇగ ఆ ట్రైజెమినల్ నరాన్ని మాత్రం ముట్టుకోరు, బేసిలార్ సన్నగున్నోళ్లకు వెనక మెదడుకు రక్తమిచ్చేదే అదాయె. టీఐఏ అయినంక చానమందికి రక్తం గడ్డకట్టకుండ చేసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపి మూడు వారాలిస్తరు, తర్వాత ఒక్కటే, కొలెస్ట్రాల్ గోలీ సరే సరి. మంచిగైంది గదా అని మనంతట మనం ఆపొద్దు. మొదటి రెండు రోజులే అసలు ప్రమాదం. మల్ల అట్లయితే తగ్గుతదేమో అని చూస్కుంట కూసోకున్రి, 108కి ఫోన్ చేసి సీటీ స్కాన్ ఉన్న దవాఖానకే పోవాలె, గడ్డ కరిగించే సూది నాలుగున్నర గంటల్లనే ఇస్తరు.

పరకాల పత్తిచేను:
డాప్లర్ అయింది. కుడి కరోటిడ్ల కొవ్వు ఉన్నదన్నరు. ఈసీజీ మంచిగనే ఉన్నది, హోల్టర్ రేపు పెడ్తరు. సీడీ జాగ్రత్తగ పెట్టిన అక్కా. బీడీలే మానుతలేడు, తిడితే బయటికి పోయి తాగుతుండు.

కాజీపేట అక్క:
తిట్టకు తమ్మీ, దాచుకోని తాగుతడు. బీడీ కట్ట మీదనే నంబర్ ఉంటది 1800-11-2356, ఫ్రీ, నువ్వే కలిపి ఫోన్ ఆయన చేతికియ్యి. నికోటిన్ గమ్ సంగతి డాక్టర్‌నే అడుగు.