పిల్లలు, వాకర్‌తో నడిచే పెద్దావిడ: వెళ్లకముందే హోటల్ పనికొస్తుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

మూడో వీధి చివరిల్లు:

ఊరి నడిమధ్య అద్దె ఇల్లు వదిలేసి శివారుకి వచ్చి నాలుగు నెలలైంది. ఇల్లు బాగుంది, గాలి బాగుంది, పక్కింటివాళ్లు కూడా మంచివాళ్లే. తిప్పలన్నీ బయట తిండి దగ్గరే. వండుకోవడం రాక కాదు. వారంలో ఒక్క పూటైనా గిన్నెలు తోమే పని లేకుండా, ఇంటిల్లిపాదీ ఎదురెదురుగా కూర్చుని తిందామని ఆశ.

మేం మొత్తం ఐదుగురం. నేను, మా ఆయన, ఐదేళ్ల పాప, పద్నాలుగు నెలల బాబు, మా అత్తయ్య. అత్తయ్యకి 74 ఏళ్లు. మోకాళ్ల వల్ల వాకర్ పట్టుకుని నడుస్తారు, ఎడమ చెవికి మిషన్ ఉంది. పాప కారం తగిలినదేదీ నోట పెట్టదు. బాబు చేతికందిన ప్రతిదీ నోట పెడతాడు.

మొన్న ఆదివారం సంగతి చెబుతాను. ఫోన్లో చూస్తే ఐదుకి నాలుగున్నర నక్షత్రాలు, "పిల్లలతో వెళ్లడానికి బాగుంటుంది" అని బోలెడంత మంది రాశారు. రాత్రి ఎనిమిదింటికి వెళ్లాం. గుమ్మం ముందే ఆరు మెట్లు. మా ఆయన అత్తయ్యని పట్టుకుని, నేను బాబుని చంకనేసుకుని, పాప వాకర్‌ని మెట్టు మెట్టుకీ ఈడ్చుకుంటూ ఎక్కాం. లోపల అరగంట నిలబడ్డాక టేబుల్ దొరికింది, అదీ సరిగ్గా స్పీకర్ కింద. అత్తయ్య మిషన్ తీసి పర్సులో వేసుకున్నారు. ఇక ఆవిడతో మాటలన్నీ సైగలే. బాబుకి ఎత్తు కుర్చీ తెచ్చారు గానీ బెల్టు తెగిపోయి ఉంది, తువ్వాలుతో కట్టాను. తిండి రావడానికి ఇంకో నలభై నిమిషాలు. అప్పటికి పాప టేబుల్ మీద తల వాల్చి నిద్రపోయింది. నిద్రపోవాల్సినవాడు మాత్రం చెంచాతో టేబుల్ వాయిస్తూనే ఉన్నాడు. పక్క టేబుల్ వాళ్లు చూసిన చూపు నాకింకా గుర్తుంది. చివరికి పొట్లాలు కట్టించుకుని ఇంటికొచ్చి, పదిన్నరకి వంటింట్లో నిలబడి తిన్నాం. గిన్నెలు నేనే తోమాను.

ఆ హోటల్ పేరెందుకు లెండి. వంట బాగానే ఉందని పొట్లం విప్పాక తెలిసింది. అదే ఇంకా ఒళ్లు మండించింది.

ఏ హోటల్ బాగుంటుంది అని అడగట్లేదు. మీ పేట వేరు, మా పేట వేరు. మాలాంటి ఇంటికి ఒక చోటు పనికొస్తుందా లేదా అన్నది వెళ్లి ఇరుక్కోకముందే మీరు ఎలా పసిగడతారు? ఏం చూస్తారు, ఎవరిని ఏం అడుగుతారు?

పన్నెండేళ్లు సర్వర్‌ని:

మేడమ్, ఆ ఆరు మెట్ల సంగతి పక్కన పెడితే మీరు వెళ్లిన టైమే తప్పు. ఆదివారం రాత్రి ఎనిమిదంటే మా లోపల యుద్ధం.

కిచెన్‌లో ఏం జరుగుతుందో చెబుతాను. పొయ్యిలు ఐదో ఆరో ఉంటాయి. ఆర్డర్ చీటీలు వచ్చిన వరసలో వేలాడుతుంటాయి. మీ ముందు పది మంది కూర్చున్న టేబుల్ ఒకటి ఉందనుకోండి, వాళ్లవి పదీ ఒకేసారి బయటికి రావాలి కాబట్టి పొయ్యిలన్నీ వాళ్లకే పోతాయి. మీది చిన్న ఆర్డరే అయినా ఆ వెనకే. అందుకే లోపలికి అడుగుపెట్టగానే ఒక చూపు చూడండి. పెద్ద టేబుళ్లు ఉన్నాయా, వాళ్ల ముందు ప్లేట్లు వచ్చాయా, ఇంకా రాలేదా? ఖాళీ ప్లేట్లతో ఇరవై మంది ఎదురుచూస్తుంటే వెనక్కి తిరిగి ఇంటికి వెళ్లిపోవడమే మేలు.

శివారు పేటల్లో ఇంకో సంగతి. పనికి దూరం వెళ్లినవాళ్లు ఇల్లు చేరేసరికి ఆలస్యమవుతుంది కదా, అందుకే వారం మధ్యలో సాయంత్రం ఆరు, ఏడు మధ్య మేం ఈగలు తోలుకుంటూ ఉంటాం. అప్పుడు రండి. తలుపు తీసిన నిమిషంలోనే రాకండి, పొయ్యి వేడెక్కాలి, మాకూ కాసేపు ఊపిరి కావాలి. అరగంట ఆగి రండి.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఒక్క మాట గట్టిగా చెప్పండి: "పిల్లలది అవగానే తెచ్చేయండి, మా కోసం ఆపొద్దు." ఇలా చెప్పకపోతే అన్నీ కలిపి తేవడమే మా అలవాటు. పాప ప్లేటు పావుగంట ముందే తయారై లోపల చల్లారుతూ కూర్చుంటుంది. ఎన్నిసార్లు చూశానో.

కారం సంగతి. "కారం తగ్గించండి" అంటే మేం తల ఊపుతాం. కానీ గ్రేవీ పొద్దున్నే పెద్ద గిన్నెలో కలిపేసి ఉంటుంది, అందులోంచి కారం ఎవరూ ఏరి తీయలేరు. "కారం వేయకుండా అప్పటికప్పుడు చేయగలిగేవి ఏంటి?" అని అడగండి. రెండో మూడో నిజంగానే ఉంటాయి. పొరపాటున మంట తగిలితే పాపకి నీళ్లు కాదు, పాలు ఇవ్వండి. కారంలో మండించే పదార్థం నీళ్లలో కరగదు, నీళ్లు తాగితే నోరంతా పాకుతుంది.

ముందు ఫోన్ చేయాలంటే మధ్యాహ్నం మూడు, ఐదు మధ్యలో చేయండి. అప్పుడు కూడా "పెద్దవాళ్లకి సౌకర్యంగా ఉంటుందా?" అని అడగొద్దు. నేను పన్నెండేళ్లలో ఆ ప్రశ్నకి ఒక్కసారి కూడా ఉండదు అనలేదు. "మెట్లు ఎన్ని? బాత్రూమ్ కింద ఉందా, పైన ఉందా?" అని అడగండి. లెక్క అడిగితే అబద్ధం చెప్పడం కష్టం.

కిచెన్ తలుపు పక్క టేబుల్ మాత్రం ఒప్పుకోవద్దు. చేతుల్లో వేడి గిన్నెలతో మేం అటే పరుగులు పెడుతుంటాం. ఒకసారి ఏడాదిన్నర పిల్లాడొకడు టేబుల్ మీద గుడ్డ లాగాడు, టీ కప్పు వాడి చేతి మీదికి వచ్చింది. కప్పు అక్కడ పెట్టి చాలాసేపైంది, చల్లారిపోయిందిలే అనుకున్నారు పాపం. పోసిన పావుగంట తర్వాత కూడా చంటిపిల్లల చర్మం కాలే వేడి ఉంటుంది దానికి. మా మేనేజర్ వాణ్ని పంపు దగ్గరికి ఎత్తుకెళ్లి ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ల కింద చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. ఎవరో పేస్టు తెస్తే తిట్టి పంపేశాడు. డాక్టర్ కూడా అదే సరైన పని అన్నాడట.

మీ పొట్లం పదిన్నరకే తినేశారు, పర్లేదు. వండినది బయట రెండు గంటలు దాటి ఉంటే మాత్రం పిల్లలకి పెట్టకండి.

రెండు పెన్నులు:

మా పెద్దబ్బాయికి వేరుశనగ పడదు. అందుకే నా పేరు అలా, పొరపాటున తిని ప్రాణం మీదికి వస్తే వెంటనే పొడిచే ఇంజెక్షన్ పెన్నులు రెండు లేకుండా గుమ్మం దాటం. మీ పిల్లలకి అలాంటిదేమీ లేనట్టుంది, అదృష్టం. అయినా నేను హోటల్‌ని కొలిచే పద్ధతి మీకూ పనికొస్తుందనిపించింది.

నేను అడిగేది ఒకటే. "ఇది వేయించిన నూనెలో ఇంకేం వేయిస్తారు?" కూర్పులో వేరుశనగ లేకపోయినా నూనె ఒకటే అయితే మాకు లేనట్టే కాదు. ఈ ప్రశ్నకి "ఏం కాదండీ, అందరూ తింటారు" అన్న చోట లేచి వచ్చేస్తాను. "నాకు తెలీదు, లోపల కనుక్కుని చెబుతాను" అన్న కుర్రాడున్న చోటికి నెల నెలా వెళతాం. తెలీదు అనగలిగినవాడు రెండు పెన్నుల కన్నా ఎక్కువ ధైర్యం నాకు.

అమెరికా చట్టంలో వేరుశనగలా కొందరికి పడని ముఖ్యమైన పదార్థాలు తొమ్మిది, 2023 నుంచి నువ్వులు కూడా అందులో చేరాయి. యూరప్ జాబితాలో పద్నాలుగు. మీ పిల్లలకి ఏదైనా పడదని రేపు తెలిస్తే ముందు ఆ తొమ్మిదీ కంఠతా పట్టండి. ఇంకోటి, టేబుల్ దగ్గర చేతులకి శానిటైజర్ రాస్తే వేరుశనగ పోదు. సబ్బుతో కడగాల్సిందే. ఇది తెలీక మేం ఒకసారి ఆస్పత్రి దాకా వెళ్లాం.

మీ బాబుకి పద్నాలుగు నెలలన్నారు కదా. ప్లేటు అంచున అలంకారానికి ద్రాక్షపళ్లు, పైన జీడిపప్పు, బాదం పెడుతుంటారు, అవి గొంతుకి అడ్డం పడతాయి, వాడి కన్నా ముందు మీ చెయ్యి అక్కడికి పోవాలి. గుండ్రటి ద్రాక్షని అడ్డంగా కాదు, నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి.

నాలుగు గోడలు:

ఇంత పరిశోధన ఎందుకండీ? ఐదేళ్లు ఆగితే పిల్లలు పెద్దవాళ్లవుతారు. అప్పటిదాకా ఇంటికే తెప్పించుకోండి. మేం అదే చేశాం.

మూడో వీధి చివరిల్లు:

ఐదేళ్లు ఆగితే పిల్లలు పెద్దవాళ్లవుతారు, నిజమే. అత్తయ్యకి 79 వస్తాయి. అందుకే ఆగలేను.

సగం వినికిడి:

అమ్మాయ్, మీ అత్తయ్యగారు మిషన్ తీసి పర్సులో వేసుకున్నారని చదివి నవ్వొచ్చింది, తర్వాత బాధేసింది. నేనూ అదే చేసేవాణ్ని. మిషన్ పెట్టుకుంటే గరిటెల చప్పుడు మాటల కన్నా గట్టిగా చెవిలో పడుతుంది. తీసేస్తే ప్రశాంతంగా ఉంటుంది, కానీ మనవళ్లు ఏమన్నారో తెలీదు. అందరూ నవ్వితే మనమూ నవ్వాలి.

హోటల్లో గోల ఎలా పెరుగుతుందో తెలుసా? పక్కవాడి మాటల మీద మన మాట వినబడాలని మనం గొంతు పెంచుతాం, అది విని వాడు ఇంకా పెంచుతాడు. ఎవరూ కావాలని చేయరు. లొంబార్డ్ అనే ఫ్రెంచి చెవి డాక్టరు 1911లోనే దీన్ని గమనించి రాశాడు, ఆయన పేరే పెట్టారు దానికి. గాజు అద్దాలు, నున్నటి గచ్చు, ఉత్త గోడలు ఉన్నచోట శబ్దం పీల్చుకునేదేదీ ఉండదు కాబట్టి ఇది ఇంకా తొందరగా ముదురుతుంది.

నేను చేసే పని కొంచెం సిగ్గుగా ఉంటుంది గానీ చెబుతాను. హోటల్ ఖాళీగా ఉన్నప్పుడు లోపలికి వెళ్లి ఒక్కసారి చప్పట్లు కొడతాను. మోగితే నమస్కారం పెట్టి బయటికి. కర్టెన్లు, మెత్తటి కుర్చీలు, కింద తివాచీ లాంటివి ఉంటే చప్పట్లు అక్కడికక్కడే చచ్చిపోతాయి. ఆ చోటు మనది.

కూర్చోబెట్టేటప్పుడు ఆవిడకి మూలన, వీపు గోడకి ఆనుకునే కుర్చీ ఇవ్వండి. స్పీకర్‌కీ కిచెన్‌కీ దూరంగా. వెలుతురు మీ ముఖాల మీద పడాలి. మా బోటివాళ్లం సగం మాట పెదాల మీదే చదువుకుంటాం. మసక దీపాల హోటల్లో ఆ సగమూ పోతుంది.

మూడో వీధి చివరిల్లు:

పది రోజులైంది, ఏం చేశానో చెప్పాలి కదా.

ముందు ఫోన్లు. సర్వర్ గారు చెప్పినట్టే మూడున్నరకి చేశాను. ఒకాయన "మెట్లే లేవండి" అన్నాడు. "అస్సలు లేవా?" అంటే, "అంటే... రెండున్నాయి." ఇంకో చోట కింద అంతా బాగుంది, బాత్రూమ్ మాత్రం మేడ మీద. మెట్ల గురించి ఒక్కటే అడిగి ఉంటే ఇది తెలిసేది కాదు.

తర్వాత స్వయంగా వెళ్లాను. అత్తయ్య వాకర్ వెడల్పు కొలుచుకుని, టేపు సంచిలో వేసుకుని. బాత్రూమ్ తలుపు దగ్గర టేపు తీస్తుంటే అక్కడి కుర్రాడు ఇల్లు కట్టే మేస్త్రీని చూసినట్టు చూశాడు. చప్పట్లు కూడా కొట్టాను. ఒకచోట ఎంత మోగిందంటే లోపల్నుంచి మనిషి బయటికొచ్చి "ఏం కావాలి మేడమ్?" అన్నాడు. పిలిచాననుకున్నాడు.

చివరికి కుదిరింది మా ఇంటికి రెండు వీధుల అవతల, బోర్డు కూడా సరిగ్గా కనబడని చోటు. భార్యాభర్తలు నడుపుతున్నారు. మొత్తం ఏడు టేబుళ్లు. మెనూ ఒక్కటే పేజీ. నాలుగు నెలలుగా దాని ముందునుంచే వెళుతున్నాను, మూసేశారేమో అనుకున్నాను. ఫోన్లో దానికి నక్షత్రాలే లేవు. ఎత్తు కుర్చీ లేదని ముందే చెప్పారు, "మీది తెచ్చుకుంటే ఈ మూలన వేసుకోండి" అన్నారు. నూనె గురించి కూడా అడిగాను, మాకు అవసరం లేకపోయినా. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి "ఒక్కటే మూకుడు అమ్మా, అన్నీ అందులోనే" అంది. రెండు పెన్నుల గారూ, మీకు ఆ చోటు పనికిరాదు గానీ నాకు మాత్రం ఆ జవాబుతోనే నమ్మకం కుదిరింది.

బుధవారం ఆరున్నరకి వెళ్లాం. బాబు కుర్చీని టేబుల్‌కి జానెడు దూరంగా వేశాను. కాళ్లతో టేబుల్‌ని తన్ని కుర్చీతో సహా వెనక్కి పడబోవడం ఇంట్లో ఒకసారి అయింది. పిల్లల ప్లేట్లు తొమ్మిది నిమిషాల్లో వచ్చాయి, మా ఆయన టైం చూశారు. మాది వచ్చేసరికి పాప తినడం అయిపోయి, అద్దం మీద ఆవిరి ఊది బొమ్మలు గీస్తోంది. అక్కడా చిక్కు లేకపోలేదు. మాది పావుగంట ఆలస్యం, పైగా మా ఆయన అడిగింది ఒకటి, తెచ్చింది ఇంకోటి. పిల్లలు తిని కూర్చున్నారు కాబట్టి ఆయన కిక్కురుమనకుండా తినేశారు.

అత్తయ్య మూలన కూర్చున్నారు. నేను చెప్పలేదు, ఆవిడే మిషన్ తీయలేదు. పాప ఏదో అంటే "ఏమన్నావు, మళ్లీ చెప్పు" అన్నారు. ఆ మాట ఆవిడ బయట అనడం నేను వినడం ఇదే మొదటిసారి. వినబడకపోతే ఊరికే తల ఊపేస్తారు మామూలుగా. తర్వాత పాపకి తన చిన్నప్పుడు వాళ్ల పెరట్లో బావిలో మేక పడిన కథ మొదలుపెట్టారు. మేకని పైకి తీసేలోపు వేరే టేబుళ్లు నిండిపోయాయి, గోల మొదలైంది, ఏడున్నరకి లేచాం.

మేక బయటికొచ్చిందో లేదో పాపకి ఇంకా తెలీదు. ఇంట్లో అడిగితే అత్తయ్య చెప్పట్లేదు, బుధవారం చెబుతానంటున్నారు. బాబు కుర్చీ కారు డిక్కీలోనే ఉంచాం.